ఎర్ర మూత

ఇందూరు వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళి షట్టరింగ్ పని చేసుకునే లింబాద్రి, ప్రాణం పోయినా సరే నలుగురిలో తగ్గాడన్న మాట మాత్రం పడనని పంతం పట్టిన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాళ్ళుంటారు. లింబాద్రి అయితే ఆ నాలుగో కాలు చేత్తో పట్టుకుని కూడా లేదనేవాడు. పనిలో అతనికి వంక పెట్టడానికి వీల్లేదు. అతను బిగించిన పలకల మధ్య కాంక్రీటు పోస్తే గోడ అద్దంలా తేలేది. చిక్కంతా పని అయిపోయాక, మనుషుల మధ్య కూర్చున్నప్పుడు వచ్చేది.

పరాయి దేశంలో శుక్రవారం సెలవు గడవడం కష్టం. అందుకని క్యాంపు గదిలో ఉన్న మనవాళ్ళంతా మధ్యాహ్నం తిండి కాగానే చాప పరిచి పేకాటకు కూర్చునేవాళ్ళు. డబ్బు పెట్టి ఆడుతూ దొరికితే మరుసటి విమానమే ఎక్కిస్తానని క్యాంపు బాస్ ముందే చెప్పాడు. దాంతో వాళ్ళు సీసా మూతలతో ఆడేవాళ్ళు. ఒక్కో తెల్ల మూత గదిలో ఒక్కో పని. అంట్లు తోమడం, రొట్టెలు కాల్చడం, నీళ్ళ డబ్బాలు మోయడం, బాత్రూం కడగడం. మూత పోగొట్టుకున్నవాడు గెలిచినవాడి వంతు పని చేయాలి.

తెల్ల మూతలు కాక ప్రతి ఒక్కరికీ ఒక ఎర్ర మూత ఉండేది. అది సెలవు మూత. కంపెనీ రెండేళ్ళకు ఒకసారి ఇంటికి పంపేది. సైటు మీద మనుషుల లెక్క సరిపోతే చాలు, ఎవరి సెలవు మీద ఎవరు వెళ్ళినా కంపెనీ పట్టించుకునేది కాదు. కాబట్టి ఒకరి ఎర్ర మూత ఇంకొకరు గెలిస్తే, గెలిచినవాడు రెండు సెలవులూ కలుపుకుని ఇంటి దగ్గర ఉండొచ్చు. ఓడినవాడు ఇంకో రెండేళ్ళు ఆగాలి. ఆట నియమం ప్రకారం ఎర్ర మూత కూడా పందేనికి పనికొస్తుంది. కానీ ఇంతవరకు ఎవరూ దాన్ని పందెంలోకి తోయలేదు. ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళు, ఆట కాగానే జేబులో వేసుకునేవాళ్ళు. ఇంటిని పందెం కాసేంత పిచ్చి ఎవరికీ లేదు మరి.

మొదట్లో వాళ్ళు ఆడింది మన మూడు ముక్కలాటే. తర్వాత ఫిలిప్పీన్స్ ఫోర్‌మన్ ఒకడు వాళ్ళకు పోకర్ నేర్పాడు. అందులో ఒక్కొక్కరికి రెండు ముక్కలు పంచుతారు. అందరికీ ఉమ్మడిగా చాప మధ్యలో ముందు మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి తెరుస్తారు. చేతిలోవీ చాప మీదవీ కలిపి ఎవరికి మేలైన కూర్పు కుదిరితే ఆట వాళ్ళది. పందేనికి హద్దు లేదు. ముందున్నదంతా ఒకేసారి తోసేయొచ్చు. ఈ ఆటలో 'చెక్' అని ఒక పద్ధతి ఉంది. నేను ఇప్పుడు కాయను, అలాగని ముక్కలూ పడేయను, ముందు నీ సంగతి చూద్దాం అని వేలితో చాప మీద తట్టడం. ఎదుటివాడు పందెం కాసిన తర్వాత, తట్టినవాడు కావాలంటే అంతకు మించి కాయొచ్చు.

మూడు ముక్కలాటలో ఈ ఊరుకోవడం లేదు. అక్కడ కాస్తే కాయాలి, లేకపోతే పడేయాలి. పైగా చివరికి ఇద్దరే మిగిలితే ఒక పందెం వేసి 'షో' అడిగి ఎదుటివాడి ముక్కలు చూడొచ్చు. లింబాద్రి పెళ్ళిపందిళ్ళలో మూడు ముక్కలాడి పెరిగినవాడు. ఆట మారింది గానీ అతని బుర్ర మారలేదు. చాప మీద తట్టినవాడు సగం పడేసినట్టేనని అతని లెక్క. ఎదుటివాడి ముక్కలు చూడకుండా తనవి పడేయడమంటే మగతనం పోయినట్టేనని ఇంకో లెక్క. ఈ రెండు తప్పుడు లెక్కలతోనే అతను చాలా ఆటలు గెలిచాడు. తప్పుడు లెక్కతో గెలవడం కన్నా చెడ్డది మనిషికి ఇంకోటి లేదు. ఆ లెక్కను ఇక దిద్దుకోడు.

ఎవరైనా తట్టడం ఆలస్యం, లింబాద్రి గుప్పెడు మూతలు తోసి, "పడెయ్! నా దగ్గర ముక్కలున్నయ్," అని గద్దించేవాడు. సగం సార్లు అతని చేతిలో ఏమీ ఉండేది కాదు. ఎదుటివాడు జడిసి పడేశాక ఆ పనికిరాని ముక్కలను తిప్పి చూపించి పగలబడి నవ్వేవాడు. గెలిచింది చాలక నవ్వడం కూడా కావాలి అతనికి.

ఈ దెబ్బ ఎక్కువగా తిన్నవాడు భోజన్న. పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనివాడు, లింబాద్రి కన్నా పెద్దవాడు, పక్క ఊరివాడు. మాట తక్కువ. చేతికి ముక్కలొస్తే చూసుకోవడం, చాప మీద తట్టడం, ఎదుటివాడు కాయగానే "నీదే తమ్మీ," అని చిన్నగా నవ్వి పడేయడం, ఇదే అతని ఆట. అందుకే గదిలో అంట్లు ఎక్కువగా అతనే తోమేవాడు. తోముతూ కూడా ఎవరినీ ఒక్క మాట అనేవాడు కాదు. లింబాద్రి అతన్ని మెత్తటి మనిషి అనుకునేవాడు. మెత్తటివాడిని చూస్తే మొత్తబుద్ధి అవుతుందని ఊరికే అన్నారా?

ఇంటి దగ్గర కూడా లింబాద్రికి ఇలాంటి మనిషే ఉంది. భార్య గంగామణి. బీడీలు చుట్టేది. పెళ్ళయిన నాటి నుంచీ అతను ఏది చెప్పినా "సరే, నీ ఇష్టం," అనేది. గల్ఫ్‌కు పోతానంటే సరే అంది. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. అతను ఇక్కడికి వచ్చాక కూతురు పుట్టింది. పేరు లహరి అని పెట్టమంటే ఆమె మనసులో వేరే పేరున్నా సరే అంది. ఇప్పుడు ఆ పిల్లకు మాటలొచ్చాయి. లింబాద్రి కూతురిని ఇంతవరకు చేత్తో ముట్టుకోలేదు. ఫోన్‌లో చూడటమే. పిల్ల ఫోన్ అద్దానికి బుగ్గ ఆనించేది. ఇవతల అతను తన ఫోన్‌కు బుగ్గ ఆనించుకునేవాడు. అది గదిలో ఎవరూ చూడకుండా చేసేవాడు.

ఆ ఏడు అతని సెలవు దగ్గరపడింది. పెద్ద అట్టపెట్టె కొన్నాడు. దుప్పటి, చాక్లెట్లు, సెంటు సీసాలు, కూతురికి గౌన్లు కొని సర్దాడు. గౌను కొలత తెలియక ఒకే రంగులో చిన్నదీ పెద్దదీ రెండూ కొన్నాడు. గంగామణి ఎప్పుడూ ఏదీ అడిగేది కాదు. ఆసారి మాత్రం అడిగింది.

"తప్పకుండ అస్తవు గదా?"

"అరే, టికెట్ వచ్చుడే తక్వ. అస్త అంటే అస్త."

"మల్ల మల్ల అడుగుతలేను. బిడ్డకు రోజు జెప్తున్న, బాపు వస్తడని. అందుకే అడిగిన," అంది గంగామణి.

"సరే సరే," అని ఫోన్ పెట్టేశాడు లింబాద్రి.

ఆ తర్వాతి శుక్రవారం గదిలో ఎప్పటిలాగే చాప పరిచారు. సాయిలు అనే కుర్ర తాపీమేస్త్రీ ముక్కలు పంచుతున్నాడు. ఎగతాళి చేయడంలో సాయిలు నోటికి తాళం లేదు. ఒక ఆటలో మిగతావాళ్ళంతా ముక్కలు పడేశారు. లింబాద్రి, భోజన్న మిగిలారు. లింబాద్రి చేతిలో ఆసు, రాజు ఉన్నాయి. అంతకన్నా మంచి ముక్కలు ఆ రోజు అతనికి రాలేదు. సాయిలు మధ్యలో మూడు ముక్కలు తెరిచాడు. రాజు, తొమ్మిది, నాలుగు.

లింబాద్రి గుండె ఎగిరింది. తన రాజూ చాప మీది రాజూ జత కుదిరాయి. కాయాల్సిన వంతు ముందు భోజన్నది. భోజన్న ముక్కలను కొంచెం సేపు చూసుకున్నాడు. ఎప్పటిలాగే వేలితో చాప మీద తట్టాడు.

"అయిపాయె! అన్న మల్ల తట్టిండు. ఇయ్యాల అంట్లు గూడ అన్నవే," అని నవ్వాడు సాయిలు.

లింబాద్రి తన ముందున్న తెల్ల మూతల్లో సగం మధ్యలోకి తోశాడు. "పడెయ్ అన్నా," అన్నాడు. భోజన్న ముక్కలు పడేస్తాడని, ఆ మూతలు లాక్కోవడానికి చెయ్యి కూడా చాపాడు.

భోజన్న పడేయలేదు. తన ముందున్న తెల్ల మూతలన్నీ రెండు చేతులతో దగ్గరికి చేర్చి మధ్యలోకి తోశాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత తన ఎర్ర మూతను వేలితో నెమ్మదిగా నెట్టి ఆ కుప్ప పక్కన పెట్టాడు.

పక్క మంచం మీద పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. ఎర్ర మూత చాప మధ్యలోకి రావడం వాళ్ళెవరూ ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు లింబాద్రి ముందు దారులు రెండే. ముక్కలు పడేస్తే, తోసిన తెల్ల మూతలు పోతాయి. కొన్నాళ్ళు భోజన్న వంతు అంట్లు తోమాలి, అంతే. ఎర్ర మూత మళ్ళీ జేబులోకి వెళ్తుంది, అట్టపెట్టె ఊరికి చేరుతుంది. పందేనికి సై అంటే మిగిలిన తెల్ల మూతలతో పాటు తన ఎర్ర మూత కూడా తోయాలి.

బుద్ధి ఉన్నవాడు ఒక్క ప్రశ్న వేసుకునేవాడు. ఇన్నాళ్ళుగా తట్టి, పడేసి, అంట్లు తోముకున్న మనిషి ఇవాళ తన సెలవును ఎందుకు ముందుకు తోశాడు? ఆ ప్రశ్నకు జవాబు ఒకటే. అతని చేతిలో ముక్కలున్నాయి. ఈ జవాబు లింబాద్రికి తట్టకపోలేదు. తట్టింది. కానీ దాని మీద అతని పాత లెక్క వచ్చి కూర్చుంది. 'రాజు జత ఉంటే ముందే కాసేవాడు గదా. తట్టిండంటే లేదనే. నన్ను బెదిరిస్తుండు. నేను అందరిని బెదిరించినట్టు ఇయ్యాల నన్నే బెదిరిస్తుండు.' పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుంది. ఏమీ లేకుండా గద్దించేవాడికి నిజంగా ఉండి కాసేవాడు కూడా గద్దించేవాడిలాగే కనిపించాడు.

అయినా చెయ్యి ముందుకు వెళ్ళలేదు. అప్పుడు సాయిలు ఊరుకున్నా బాగుండేది.

"ఏందన్నా, పులి పిల్లి అయిందా? చెమటలు పడ్తున్నయ్!" అన్నాడు.

అందరూ నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, శుక్రవారం మధ్యాహ్నం నవ్వు. కానీ లింబాద్రికి చెవులు వేడెక్కాయి. వేళ్ళు వెళ్ళి ఎర్ర మూత మీద వాలాయి.

అది చూసి భోజన్న నోరు తెరిచాడు. "తమ్మీ, పడెయ్. నా దగ్గర ముక్కలున్నయ్. నీ బిడ్డ మొకం నువ్వు ఇంక సూడలేదు. మల్ల జెప్ప."

గొంతు పెంచలేదు. బతిమాలలేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాడు. గదిలో అందరికీ అది నిజమని అర్థమైంది. సాయిలు కూడా నవ్వు ఆపి, "పడెయ్ అన్నా, వద్దు," అన్నాడు. ఒక్క లింబాద్రికే అర్థం కాలేదు. ఎందుకంటే 'పడెయ్, నా దగ్గర ముక్కలున్నయ్' అన్న మాటను అతను ఎప్పుడూ అబద్ధంగానే వాడాడు.

"నువ్వు పడెయ్ అంటే పడేసేటోన్ని గాదు నేను. సూడకుండ పడేసేది మా వంశంలనే లేదు," అని ఎర్ర మూతను తోసేశాడు.

ఇక కాయడానికి ఏమీ మిగలలేదు కాబట్టి ఇద్దరూ ముక్కలు తిప్పారు. భోజన్న చేతిలో రెండు నాలుగులు. చాప మీది నాలుగుతో కలిసి మూడయ్యాయి. జత కన్నా అది పెద్దది. లింబాద్రి ముఖం పాలిపోయింది. సాయిలు నాలుగో ముక్క తెరిచాడు. ఆసు! ఇప్పుడు లింబాద్రికి రెండు జతలు. "రా! రా!" అని చాప మీద కొట్టాడు. అయినా మూడు నాలుగుల ముందు రెండు జతలు చాలవు. చివరి ముక్కగా ఇంకో ఆసో ఇంకో రాజో రావాలి. సాయిలు భయం భయంగా తిప్పాడు. ఏడు వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. భోజన్న మూతలు దగ్గరికి తీసుకోలేదు. లింబాద్రి వైపు తిరిగి అన్నాడు. "మా ఇంటామెకు కడుపు ఆపరేషన్ ఉన్నది తమ్మీ. రెండు సెలవులు కలిస్తే ఆమె లేచి తిరిగే దాక ఉంటననుకున్న. అందుకే ఎర్ర మూత తోసిన. కానీ నీ చెయ్యి నిజంగనే దాని మీద పడేసరికి నాకు మనసొప్పలె. ఇప్పుడన్న ఒక్క మాట అడుగు. 'నాది నాకియ్యి అన్నా' అను. ఇచ్చేస్త."

ఒక్క మాట! అడిగితే ఎర్ర మూత తిరిగొచ్చేది, ఆ సాయంత్రమే వస్తున్నానని గంగామణికి ధైర్యంగా చెప్పేవాడు. కానీ అడగడమంటే గదిలో అందరి ముందూ తగ్గడం.

"నేను ఆడి ఓడిన. అడుక్కునేటోన్ని గాదు. పో, నువ్వే పో," అన్నాడు లింబాద్రి.

ఆ 'పో' అన్న మాటనే 'వదిన ఆపరేషన్‌కు అవసరం కదా, నువ్వే పో అన్నా' అని చెప్పి ఉంటే కనీసం పుణ్యమన్నా దక్కేది. అలా అనలేదు. లేచి బయటికి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు. ఏడుపు వచ్చింది. దాన్ని కూడా మింగేశాడు, ఏడిస్తే అదీ తగ్గడమేనని.

ఇంటికి ఫోన్ చేసి, "ఈసారి కంపెనీ సెలవు ఆపింది. పని మస్తుగ ఉన్నదట," అని చెప్పాడు.

"సరే," అంది గంగామణి.

ఆ సరే విని లింబాద్రి ఊపిరి తీసుకున్నాడు. గండం గడిచిందనుకున్నాడు. సర్దిన అట్టపెట్టెను భోజన్న చేతికిచ్చి, "ఇంట్ల ఇచ్చి రా. కంపెనీ ఆపిందని జెప్పు," అన్నాడు.

"పెట్టె ఇస్త. అబద్ధం జెప్ప. ఆమె అడగకపోతే నేనేం మాట్లాడ," అన్నాడు భోజన్న.

భోజన్న పెట్టె తీసుకుని వెళ్ళాడు. గంగామణి అతనికి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. ఒకే కంపెనీలో ఒకరికి సెలవు ఆగి ఇంకొకరికి రెండింతలు ఎలా దొరికిందని అడిగింది. సూటిగా అడిగినదానికి అబద్ధం చెప్పడం భోజన్నకు చేతకాదు. తల వంచుకుని జరిగింది చెప్పాడు. తను ఇస్తానన్న మాట కూడా చెప్పాడు. అతను వెళ్ళాక గంగామణి పెట్టె విప్పలేదు. తాడుతో కట్టి ఉన్నది ఉన్నట్టే మూలకు జరిపింది.

ఆ సాయంత్రం ఆమే ఫోన్ చేసింది. ఆమె తనంతట తాను ఫోన్ చేయడం అరుదు.

"బిడ్డను పేకల పెట్టినవట?"

లింబాద్రికి భోజన్న మీద కోపం వచ్చింది. తన మీద రావాల్సిన కోపం కూడా అతని మీదకే వెళ్ళింది. "ఆడు ఏదో జెప్తే నువ్వు నమ్ముతవా?" అని గద్దించాడు.

"నమ్ముత. ఆయన అబద్ధమాడితే నువ్వు ఇప్పుడు ఇట్ల అరవవు," అంది గంగామణి. "ఒక్కటే అడుగుత. తప్పు నాదే, మల్ల ముక్క ముట్ట అని ఒక్క మాట అను. నేను ఈ ఇంట్లనే ఉంట, ఇంకో రెండేండ్లు ఎదురు సూస్త. అనకపోతే రేపు బిడ్డను తీస్కొని మా అన్న ఇంటికి పోత. పోతే మల్ల రాను."

ఇదీ అదే ఆట. ఎన్నేళ్ళుగానో తట్టి ఊరుకున్న మనిషి ఒక్కసారి ఉన్నదంతా ముందుకు తోసింది. తాను ఎంతకు తెగించిందో దాచుకోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తగ్గితే లింబాద్రికి పోయేది ఒక్క మాట. ఈసారి చుట్టూ నవ్వేవాళ్ళు కూడా లేరు. ఒకసారి వాత పడ్డ ఎద్దు కూడా రెండోసారి ఆ ఇనుము చూస్తే వెనక్కి జరుగుతుంది. లింబాద్రి జరగలేదు. బీడీలు చుట్టుకునే ఆడది, చంకలో పిల్ల, ఈమె ఎక్కడికి పోతుంది, నాలుగు రోజులు పోతే తనే ఫోన్ చేస్తుంది అనుకున్నాడు.

"పో! ఎన్ని రోజులుంటవో నేనూ సూస్త," అన్నాడు.

"సరే," అంది గంగామణి. అదే ఆమె అతనితో అన్న చివరి సరే.

మర్నాడు ఆమె ఇంటికి తాళం వేసి వెళ్ళిపోయింది. లింబాద్రి ఫోన్ కోసం చూశాడు. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. ఫోన్ రాలేదు. ఒక్కోసారి తనే చేద్దామని నంబరు దాకా వెళ్ళి ఆగిపోయేవాడు. చేస్తే తగ్గినట్టు కదా! ఒకసారి ఉండబట్టలేక చేస్తే బావమరిది ఎత్తాడు. "చెల్లె పనిల ఉన్నది బావా. ఏమన్న జెప్పాల్నా?" అని మర్యాదగానే అడిగాడు. "ఏం లేదు," అని పెట్టేశాడు లింబాద్రి. గదిలో ఆట కూడా మానేశాడు. ముక్కల చప్పుడు వినబడితే లేచి బయటికి పోయేవాడు.

భోజన్న రెండు సెలవులూ గడిపి తిరిగొచ్చాడు. వస్తూనే లింబాద్రిని పక్కకు పిలిచాడు.

"మా ఇంటామె మంచిగైంది. నీ పుణ్యమే అనుకుంటున్న. నేను గంగామణిని కలిసి అచ్చిన. ఆమె ఇంక నీ మాట కోసం సూస్తున్నది తమ్మీ. ఇప్పుడన్న ఫోన్ కొట్టు. ఆలస్యం జేస్తే ఆ చూసుడు గూడ బందయితది."

"ఆమెకు నోరు లేదా? ఆమెనే కొట్టమను," అన్నాడు లింబాద్రి.

భోజన్న అతని ముఖంలోకి చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎట్టకేలకు లింబాద్రికి మళ్ళీ సెలవు వచ్చింది. ఇంకో అట్టపెట్టె కొన్నాడు. గౌన్లు కొనేటప్పుడు ఆ ఎత్తు పిల్లను దుకాణంలో ఎవరినో చూసి అంచనా వేశాడు. తన ఇంటికి వెళ్తే తాళానికి తుప్పు పట్టి ఉంది. పెట్టె నెత్తిన పెట్టుకుని బావమరిది ఊరికి వెళ్ళాడు.

గంగామణి వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చేట, చేటలో కత్తిరించిన ఆకులు. తల ఎత్తి చూసింది. లేచి లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. వచ్చిన చుట్టానికి పెట్టినట్టే పెట్టింది. మొగుడికి ఇచ్చినట్టు చేతికివ్వలేదు.

తలుపు చాటు నుంచి ఒక పిల్ల తొంగి చూసింది. రెండు జడలు, ముందు పళ్ళ మధ్య సందు, అచ్చం లింబాద్రి తల్లి ముఖం. లింబాద్రి పెట్టెలోంచి చాక్లెట్ల సంచి తీసి చాపాడు. పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి తీసుకోమని తలూపింది. పిల్ల వచ్చి తీసుకుంది.

"థాంక్యూ అంకుల్," అని లోపలికి పరుగెత్తింది.

గంగామణి దిద్దలేదు. మళ్ళీ చేట ముందుకు లాక్కుంది. కోపంగా ఉన్నా బాగుండేది. ఆమె ముఖంలో అది కూడా లేదు.

లింబాద్రి అరుగు మీద కూలబడ్డాడు. జీవితంలో మొదటిసారి తల వంచాడు. "తప్పు నాదే గంగామణీ. మల్ల ముక్క ముట్టలె. ఇగ ముట్ట. ఇంటికి పోదాం పా," అన్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. వాకిట్లో ఇరుగుపొరుగు చూస్తున్నారన్న ధ్యాస కూడా అతనికి లేదు.

గంగామణి చుడుతున్న బీడీకి దారం కట్టింది. "ఈ మాట ఫోన్ల అంటే సాలు అన్న. ఆ రోజు అంటే పరుగెత్తుకుంట వచ్చేదాన్ని. ఏడాది దాక గూడ సూసిన. ఇప్పుడు నాకు ఆ మాటతోని పని లేదు. నా బీడీలున్నయ్, నా బిడ్డ బడికి పోతున్నది. నువ్వు నీళ్ళు దాగు. ఎండల వచ్చినవు."

బావమరిది సాయంత్రం వచ్చి అన్నం తిని పొమ్మన్నాడు. లింబాద్రి తినలేకపోయాడు. తన ఊరికి వెళ్ళి, తుప్పు తాళం పగలగొట్టి ఇంట్లోకి వెళ్ళాడు. మూలన తాడు విప్పని పాత అట్టపెట్టె ఉంది. దాని పక్కన కొత్త పెట్టె దించాడు. సెలవు అయిపోకముందే గల్ఫ్‌కు తిరిగి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఉండలేకపోయాడు.

అతను ఇప్పుడు ఎవరు ఏమన్నా తగ్గుతున్నాడట. సాయిలు ఎగతాళి చేసినా ఊరుకుంటున్నాడట. ఏం లాభం? ముక్కలన్నీ తెరిచాక పడేసినవాడికి పోయిన మూతలు ఎవరూ తిరిగి ఇవ్వరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే కాలిన చేతులు కాలినట్టే ఉంటాయి.

నీతి: ఎప్పుడూ ఊరుకునే మనిషి ఒకసారి ఎదురు నిలిచాడంటే ఊరికే నిలవడు, ఆ ఘడియలో తగ్గినవాడికి పోయేది కొంచెమే, తగ్గనివాడికి పోయేది సర్వం.